పట్టికలో పట్టని మాట

ముందుగా అచ్చువేసుకున్న ప్రశ్నలు లేకుండా మనుషుల దగ్గర కూర్చుని మాట్లాడి, ఆ మాటల ఆధారంగా ఒక సమాజం గురించి ఏదైనా చెప్పబోతే వెంటనే వచ్చే ఆక్షేపణ ఒకటుంది. "ఇవి కబుర్లు, పరిశోధన కాదు" అంటారు. సెమినార్లలో విన్నాను. మన తెలుగు సంఘాల సమావేశాల్లోనూ విన్నాను. "ఎన్ని ఇళ్లు? ఎంత శాతం? ముందు అది చెప్పండి" అని గద్దించే పెద్దమనుషులు ప్రతి సభలోనూ ముందు వరసలోనే ఉంటారు. తెలుగు రాష్ట్రాల బయట తరతరాలుగా బతుకుతున్న మనలాంటివాళ్ల విషయంలో ఈ ఆక్షేపణ ఎంత తప్పో, ఎంత నష్టమో చెప్పడానికే ఈ వ్యాసం. అయితే కబుర్ల పద్ధతిని నెత్తిన పెట్టుకుని ఊరేగించేవాళ్లతోనూ నాకు పేచీ ఉంది. అదీ చెబుతాను.

సమాజశాస్త్రం పాఠ్యపుస్తకాల్లో ఇంటర్వ్యూకు 'పరిపృచ్ఛ' అని పేరు పెట్టారు. అందులో ఒక రకం ఉంది. అందరినీ అవే ప్రశ్నలు, అదే వరసలో, అవే మాటల్లో అడగాలి. జవాబులు కూడా చాలావరకు ముందే రాసి ఉంటాయి, పక్కన గీత పెట్టడమే పని. రెండో రకంలో అడిగేవాడి మనసులో విషయం ఉంటుంది కాని చేతిలో పట్టిక ఉండదు. ఎదుటి మనిషి మాట ఎటు పోతే అటు వెంట పోతాడు. మరీ దారి తప్పితే మెల్లగా మళ్లిస్తాడు. మొదటి పద్ధతిలో పూటకు పదిళ్లు చుట్టి రావచ్చు. రెండో పద్ధతిలో ఒక్క ఇంటికే నాలుగు పూటలు పట్టవచ్చు. ప్రభుత్వాలకూ, డబ్బిచ్చే సంస్థలకూ మొదటిదంటేనే ఎందుకు మక్కువో వేరే చెప్పనక్కరలేదు.

మన సంగతికి వస్తాను. జనగణనలో మాతృభాషకు ఒక నిర్వచనం ఉంది. చిన్నతనంలో తల్లి బిడ్డతో మాట్లాడిన భాష మాతృభాష. పసితనంలోనే తల్లి పోయి ఉంటే, అప్పట్లో ఇంట్లో ప్రధానంగా మాట్లాడిన భాష. దానికి తోడు తెలిసిన భాషలు మరో రెండు రాసుకుంటారు. నిర్వచనంలో వంక పెట్టడానికేమీ లేదు. 2011లో ఈ ప్రశ్నకు తెలుగు అని రాయించుకున్నవాళ్లు తమిళనాడులో దాదాపు 42 లక్షలు, కర్ణాటకలో దాదాపు 36 లక్షలు, మహారాష్ట్రలో 13 లక్షలకు పైగా, ఒడిశాలో 6 లక్షలకు పైగా. ఈ అంకెలు మనకు అక్కరలేదని నేననను. కాని ఒక్కొక్క అంకె ఎట్లా పుడుతుందో గడప దగ్గర నిలబడి చూసినవాడికి వాటి మీద అంత భక్తి మిగలదు.

మా హోసూరు పక్క పల్లెలో ఒక సర్వే జరుగుతుంటే చూశాను. జనగణన కాదు, ఒక సంస్థవాళ్లు చేయించుకున్న సర్వే. ఒక ముసలమ్మను "ఇంట్లో మాట్లాడే భాష ఏది?" అని తమిళంలో అడిగారు. ఆమె తమిళంలోనే "తమిళం" అంది. అంతలోనే లోపలికి తిరిగి "ఒమ్మే, వీళ్లకి మజ్జిగ తెచ్చియ్యి" అని కోడలికి తెలుగులో చెప్పింది. వచ్చిన కుర్రవాడు మజ్జిగ తాగాడు, గీత మార్చలేదు. వాళ్లు పోయాక నేనడిగాను, అట్లా ఎందుకు చెప్పావమ్మా అని. "తమిళంలో అడిగినారు కదా, తమిళం వస్తుందా అని అడగతా ఉండారనుకుంటిని. ఏది రాసుకుంటే ఏముంది నాయనా, రేషను కార్డు పోకుండా ఉంటే చాలు" అంది.

ఆ రెండు ముక్కల్లో ఎంత ఉందో చూడండి. ఏ భాషలో అడిగితే ఆ భాషే జవాబుగా వస్తుందన్నది ఒక సంగతి. అడిగిన ప్రశ్న వేరు, ఆమెకు వినిపించిన ప్రశ్న వేరు. వీటన్నిటి కింద, కాగితం పట్టుకుని వచ్చినవాడు ఏదో ఒకటి లాక్కుపోతాడన్న భయం ఉంది. రాష్ట్రం భాష కాని భాష చెబితే ఏమవుతుందోనన్న గుంజాటన ఉంది. ఏ పట్టికలోనైనా ఈ సంగతులకు గడి ఉందా? గీత పెట్టిన కుర్రవాడిది తప్పు కాదు. అతని చేతికిచ్చిన కాగితమే అంతవరకు. అట్లాంటి పది వేల గీతలు కూడితే వచ్చే శాతాన్ని శాస్త్రమనీ, ఆ ముసలమ్మ చెప్పిన మాటను కబురనీ అనడానికి మాత్రం నేను ఒప్పుకోను.

ఇంకోటి. "పిల్లవాణ్ణి తెలుగు బడి ఎందుకు మాన్పించారు?" అని పట్టికతో అడిగితే "ఉద్యోగావకాశాల కోసం" అన్న గడిలో గీత పడుతుంది. సాయంత్రం పూట అరుగు మీద కూర్చుని అదే తండ్రితో మాట్లాడితే వేరే సంగతులు వస్తాయి. తెలుగు అయ్యవారు రిటైరయ్యాక ఆ ఖాళీ నిండలేదు. పుస్తకాలు సగం సంవత్సరం గడిచాక వచ్చాయి. 2006 చట్టంతో తమిళనాడు బడులన్నిటిలోనూ తరగతి తర్వాత తరగతిగా తమిళం మొదటి భాషగా తప్పనిసరి అవుతూ వస్తే, పదో తరగతి పరీక్షలో బిడ్డ ఏమవుతాడోనని దిగులు పడ్డాడు. ఇవన్నీ అయ్యాకే ఉద్యోగం మాట. పట్టిక లెక్క ప్రకారం ఆ తండ్రి తెలుగును వద్దనుకున్నాడు. అతని మాటల ప్రకారం బడే అతన్ని వదిలేసింది. ఈ రెంటిలో ఏది నిజమని నమ్మితే ప్రభుత్వానికి సుఖమో మీరే ఊహించుకోండి.

పట్టిక లేకుండా వినడం ఏదో ఈమధ్య పుట్టిన విదేశీ మోజు అనుకునేవాళ్లు గిడుగు రామమూర్తి గారిని తలుచుకోవాలి. ఇవాళ ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉంటూ ఆయన సవర భాష నేర్చుకున్నారు. దానికి నిఘంటువు లేదు, వ్యాకరణం లేదు. తెలుగు వచ్చిన సవరను ఇంట్లో పెట్టుకుని, సవరల పల్లెలకు తిరిగి, వాళ్లు మాట్లాడుతుంటే విని రాసుకున్నారు. ఆ తిరుగుళ్లలో పట్టుకున్న మలేరియాకు వాడిన క్వినైనుతో ఆయన వినికిడి దెబ్బతిన్నది. 1931లో సవర వ్యాకరణం అచ్చయింది. ఆయన వాడుక భాష కోసం చేసిన పోరాటానికీ, సవరల మధ్య తిరగడానికీ మూలం ఒకటేనని నా నమ్మకం. మనిషి నోట ఉన్నదే భాష అని ఆయన నమ్మారు. గ్రాంథికం చేతబట్టుకుని వెళ్లినవాడికి జనం భాష ఎట్లా దొరకదో, అచ్చు ప్రశ్నలు చేతబట్టుకుని వెళ్లినవాడికి జనం బతుకూ అట్లాగే దొరకదు. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరినప్పుడు ఆయన ఆ ఊరు వదిలి వచ్చేశారు. మనలాంటి ఊళ్ల గతి తెలిసినవారే ఆయనా.

కర్మాగారాల్లోనూ ఈ పాఠం నేర్చుకోవలసి వచ్చింది. అమెరికాలో షికాగో దగ్గరి హాథోర్న్ ఫ్యాక్టరీలో 1928 నుంచి 1930 వరకు సుమారు 21 వేల మంది పనివాళ్లను ఇంటర్వ్యూ చేశారు. మొదట్లో పని గురించీ, మేస్త్రీల గురించీ సిద్ధం చేసుకున్న ప్రశ్నలే అడిగారు. పనివాళ్లేమో వాటిని పక్కన పెట్టి తమకు ముఖ్యమనిపించింది మాట్లాడారు. చివరికి 1929లో అడిగేవాళ్లే పద్ధతి మార్చుకున్నారు. ప్రశ్నలు తగ్గించి వినడం మొదలుపెట్టారు. అరగంటలో ముగిసే ఇంటర్వ్యూ గంటన్నర దాకా సాగింది. లాభనష్టాలు చూసుకునే కంపెనీయే గంటన్నర వినడం దండగ కాదనుకుంది. మన సంఘాలవాళ్లకు మాత్రం అది కాలక్షేపంగా కనిపిస్తోంది.

తెలుగులోనే ఇంతకన్నా పెద్ద సాక్ష్యం ఉంది. 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' అనే పుస్తకం తెచ్చింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పనిచేసిన స్త్రీలతో మాట్లాడి, వాళ్ల జీవిత కథలను వాళ్ల మాటల్లోనే అచ్చువేశారు. ఆ పోరాటం గురించి అప్పటికే నాయకులు రాసిన చరిత్రలున్నాయి. ఉద్యమంలో ఉన్న ఆడవాళ్ల సంసారాలేమయ్యాయి, బిడ్డలేమయ్యారు, పోరాటం ఆగిపోయాక ఇంటికి తిరిగి వచ్చినప్పుడు ఏం జరిగింది అన్నవి వాటిలో దొరికేవి కావు. "పోరాటంలో మీ పాత్ర ఏమిటి?" అని అడిగి రెండు వరసల జాగా ఇచ్చి ఉంటే "కొరియరు" అని రాసి ముగించేవాళ్లు. అడిగేవాళ్లకు ముందుగా తెలియని ప్రశ్నకు జవాబు రావాలంటే చెప్పేవాళ్లకు తీరిక ఇవ్వాలి. ఈ పద్ధతికున్న అసలు బలం నా లెక్కలో ఇదే.

ఇక రెండో పక్షంతో నా పేచీ. ఈ పద్ధతి బలమైనది కనక దీన్ని చెడగొట్టడం కూడా సులువే. రెండు రోజులకు వచ్చి, లాడ్జిలో దిగి, సంఘం అధ్యక్షుడి కారులో నాలుగిళ్లు తిరిగి, వెళ్లాక మన మీద థీసిస్ రాసేవాళ్లను మనమందరం చూశాం. పట్టిక లేదన్న ఒక్క సాకుతో వాళ్లు దేనికీ బాధ్యత పడరు. ఎవరితో మాట్లాడారో, ఎంతసేపో, ఏ భాషలోనో రాయరు. "స్థానికుల అభిప్రాయం" అని ఒక మాట అంటే సరిపోయింది. ఆ స్థానికులు ఎవరయ్యా అంటే రచ్చబండ దగ్గర తీరిగ్గా కూర్చోగలిగిన మగవాళ్లు, అందులోనూ నాలుగెకరాలు ఉన్నవాళ్లు. రాళ్లు కొట్టే వడ్డెరల మాట, బీడీలు చుట్టే ఆడవాళ్ల మాట అందులో ఉండదు. మహారాష్ట్ర, కర్ణాటకల్లో వడ్డెరలు మాట్లాడే వడరిని జనగణన తెలుగు కింద ప్రత్యేకంగా చూపించింది. వాళ్లను తెలుగువాళ్లుగా తలచి పలకరించిన తెలుగు సంఘాలు ఎన్ని?

ఈ విషయంలో ఎం.ఎన్. శ్రీనివాస్ నిజాయితీ మెచ్చుకోదగింది. మైసూరు దగ్గర రాంపుర అని తాను పేరు పెట్టిన పల్లెలో 1948లో నెలల తరబడి ఉండి, కన్నడంలో జనంతో మాట్లాడారు. గ్రామపెద్ద ఆశ్రయంలో ఉన్న బ్రాహ్మణుడు కాబట్టి ఊరు తనకు పై కులాల వైపు నుంచే ఎక్కువగా కనిపించిందని ఆయనే రాసుకున్నారు. 1970 ఏప్రిల్‌లో స్టాన్‌ఫర్డ్‌లో జరిగిన దహనకాండలో ఆయన సిద్ధం చేసుకున్న నోట్సు కాలిపోయింది. 1976లో వచ్చిన పుస్తకాన్ని జ్ఞాపకం మీద ఆధారపడి రాశానని దాచకుండా చెప్పారు, పేరులోనే ఆ సంగతి పెట్టారు. వినేవాడు ఎక్కడ కూర్చుని విన్నాడో చెప్పకపోతే, విన్నదాని విలువ పాఠకుడు కట్టలేడు. ఆ మాట చెప్పడానికి అంతటివాడికే సిగ్గు లేనప్పుడు రెండు రోజుల అతిథులకు ఎందుకుండాలి?

ఇంకొక జబ్బు భాషది. మన దగ్గరికి వచ్చే పరిశోధకుల్లో చాలామంది తమిళంలోనో, కన్నడంలోనో, మరాఠీలోనో, ఒడియాలోనో అడిగి, ఇంగ్లీషులో రాసుకుంటారు. తెలుగువాళ్ల భాష మీద పరిశోధనలో తెలుగు ఎక్కడా లేకుండా పని అయిపోతుంది. గ్రియర్సన్ భారతీయ భాషల సర్వే చేయించినప్పుడు బైబిలు కథ ఒకటి ప్రతి భాషలోకీ అనువాదం చేయించారు. దానితో ఆగక, అక్కడి మనిషి సొంతంగా చెప్పిన కథో పాటో కూడా కావాలన్నారు. అనువాదంలో భాష బిగుసుకుపోతుందని ఆయనకు తెలుసు. నూరేళ్ల కిందటి ఐ.సి.ఎస్. అధికారికున్న ఆ పట్టింపు ఇవాళ టేపులు, సెల్‌ఫోన్లు చేతిలో ఉన్నవాళ్లకు ఎందుకు లేదు? బోస్టన్‌లో ఇటలీ నుంచి వచ్చినవాళ్ల పేట మీద పరిశోధన చెయ్యడానికి వైట్ అనే ఆయన అక్కడే ఒక కుటుంబంతో కాపురముండి ఇటాలియన్ నేర్చుకున్నారు. ఎక్కువ ప్రశ్నలు వెయ్యకు, ఊరికే జనంతో తిరుగుతూ ఉంటే అడగకుండానే జవాబులు దొరుకుతాయని ఆ పేట మనిషి ఒకరు ఆయనకు చెప్పాడు. 1943లో వచ్చిన ఆ పుస్తకం మీద కూడా, మా గురించి రాసింది సరిగా లేదని ఆ పేటవాళ్లు అన్నారంటూ 1992లో ఒక పరిశోధకురాలు వ్యాసం రాసింది. వైట్ జవాబు చెప్పుకోవలసి వచ్చింది. మూడున్నరేళ్లు అక్కడే ఉన్నవాడికే అట్లా అయితే రెండు రోజులవాడి గతి ఏమిటి?

తెలుగు వచ్చినవాళ్లు అడిగితే చాలునా అంటే అదీ చాలదు. ఆంధ్రదేశం నుంచి వచ్చిన ఒక పరిశోధకుడు మా ప్రాంతంలో ఒకామెతో మాట్లాడుతున్నాడు. "యాడనుంచి వస్తా ఉండారు?" అని ఆమె అడిగింది. "ఎక్కడి నుంచి వస్తున్నారు అనాలమ్మా" అని ఆయన దిద్దాడు. ఆమె నవ్వింది. ఆ తర్వాత ఆయన అడిగినవాటికన్నిటికీ "ఊ", "లేదు" అన్న రెండు మాటలే చెప్పింది. ఆయన తన పుస్తకంలో ఇక్కడివాళ్ల తెలుగు క్షీణించిందని రాసుకుని ఉంటే ఆశ్చర్యం లేదు. నోరు నొక్కి, మాట లేదని తీర్పు చెప్పడం ఇది. మనల్ని పాత వస్తువుల కొట్టులా చూసి, పురాతన రూపాలేమైనా దొరుకుతాయేమోనని వెతకడం కూడా ఇట్లాంటిదే. మన మాటల కోసం వస్తారు. మన కష్టం చెప్పబోతే టేపు ఆపేస్తారు.

మన కథ మన భాషలో రాసుకోకపోతే వేరే భాషలో దొరుకుతుంది. కోవిల్‌పట్టి పక్క ఇడైచెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ గారిది తెలుగు ఇల్లు. తెలుగువాళ్లు దక్షిణానికి వలస వచ్చిన కథను ఆయన తమిళంలో నవలగా రాశారు. దాని కొనసాగింపుకు 1991లో సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. తమిళానికి అది గర్వకారణం, మనకూ సంతోషమే. కాని మన ముసలమ్మలు తెలుగులో చెప్పుకున్న ఆ వలస కథలను తెలుగులో విని రాసుకున్నవాళ్లు ఎంతమంది? ఈ ప్రశ్న ఆయనకు వెయ్యవలసింది కాదు, మనకు.

పట్టిక లేని ఇంటర్వ్యూ చెయ్యలేని పని ఒకటుంది. అది "ఎంతమంది?" అన్నదానికి జవాబు చెప్పలేదు. వంద మందితో ఎంత బాగా మాట్లాడినా అది వంద మంది మాటే. అల్పసంఖ్యాకుల హక్కులేమో అంకెల మీదే నిలబడి ఉన్నాయి. 1949లో విద్యామంత్రుల సమావేశం ఒప్పుకున్న సూత్రం ప్రకారం ప్రాథమిక బడిలో 40 మందో, ఒక తరగతిలో 10 మందో ఉంటే వాళ్ల మాతృభాషలో చెప్పే ఏర్పాటుండాలి. జిల్లాలోనో తాలూకాలోనో 15 శాతం ఉంటే ముఖ్యమైన ప్రకటనలు ఆ భాషలో వెయ్యాలి. ఈ 10, 40, 15 చూపించాలంటే లెక్క కావాల్సిందే. కబుర్లు ఎత్తుకుని కలెక్టరాఫీసుకు వెళితే పని కాదు. వంద మందితో మాట్లాడి "70 శాతం మంది ఇట్లా అనుకుంటున్నారు" అని రాసేవాళ్లు రెండు పద్ధతులకూ ద్రోహం చేస్తున్నారు.

అయితే ఆ లెక్క సరిగా రావాలన్నా ముందు వినాలి. ఏ ప్రశ్న ఏ మాటల్లో అడిగితే ఆ ముసలమ్మకు సరిగా వినిపిస్తుందో అరుగు మీద కూర్చున్నవాడికే తెలుస్తుంది. "మాతృభాష ఏది?" అంటే తడబడే మనిషి "మీ అమ్మ నీతో ఏ మాట మాట్లాడేది? గొడ్డును ఏ భాషలో అదిలిస్తావు? దేవుడికి ఏ భాషలో మొక్కుకుంటావు?" అంటే తడుముకోకుండా చెబుతుంది. సోలాపూరులో పద్మశాలి ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజారులో హిందీ, పక్క వీధిలో కన్నడం ఉన్నచోట ఒక్క గడి ఎట్లా సరిపోతుంది? ముందు విని, ప్రశ్న తయారుచేసి, తర్వాత లెక్కపెట్టి, లెక్కలో అర్థం కానిదాన్ని మళ్లీ వెళ్లి వినాలి. ఈ వరస తప్పిన సర్వేలనే మనం ఇన్నాళ్లూ మోస్తున్నాం.

వినడంలోనూ ఒక మోసం దాగి ఉంటుంది. హాథోర్న్‌లో సమస్య తీరకపోయినా, చెప్పుకున్నందువల్లే కొందరి కోపం చల్లారిందని ఆ పరిశోధకులే గమనించారు. కంపెనీకి అంతకన్నా కావలసిందేముంది? మన గోడు విని, తలాడించి, టేపు సర్దుకుని వెళ్లిపోయేవాళ్ల వల్ల మనకూ అదే జరుగుతోంది. చెప్పుకున్నాం కదా అని చల్లబడతాం. బడి మాత్రం మూతపడుతుంది.

అందుకని మన గడప తొక్కే పరిశోధకులకు కొన్ని షరతులు పెడదామంటాను. తెలుగులో అడగాలి, మా తెలుగులో చెప్పనివ్వాలి, దిద్దకూడదు. సారాంశం కాదు, అన్న మాట అన్నట్టు రాసుకోవాలి. ఎవరితో, ఎన్ని పూటలు, ఎవరి ఎదుట మాట్లాడారో పుస్తకంలో చెప్పాలి. భర్త పక్కన కూర్చుంటే భార్య చెప్పిన మాటకూ, ఒంటరిగా చెప్పిన మాటకూ తేడా ఉంటుంది. చిన్న ఊళ్లలో పేరు తీసేసినా మనిషిని గుర్తుపడతారు కనక, దేన్ని అచ్చువెయ్యవచ్చో చెప్పినవాళ్లనే అడగాలి. రాసింది అచ్చుకు ముందు వాళ్లకు చదివి వినిపించాలి. ఇవి కుదరవంటే మజ్జిగ ఇచ్చి సాగనంపుదాం. మర్యాదకు లోటు రానక్కరలేదు.

మన సంఘాలకు కూడా ఒక మాట. మహాసభలకు తీర్మానాలు రాసేముందు, కోట్ల మందిమి అని చప్పట్లు కొట్టించేముందు, మీ ఊళ్లో పది ఇళ్లలో కూర్చుని వినండి. 2021లో జరగవలసిన జనగణన జరగలేదు. 2025 జూన్‌లో వెలువడిన ప్రకటన ప్రకారం తర్వాతి జనగణనకు ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. ఆ కాగితం మీద తెలుగు అని రాయించండని కరపత్రాలు వేస్తారు, వెయ్యాల్సిందే. కాని ఆ ముసలమ్మ ఎందుకు "తమిళం" అన్నదో తెలియకుండా వేసే కరపత్రం ఆమెను చేరదు. పైగా ఆమె చదవదు. చదివినా ఆమెకు వచ్చిన అక్షరాలు తమిళం. ఆమె దగ్గరికి మనిషి వెళ్లాలి.

దీనికి విశ్వవిద్యాలయం పట్టా అక్కరలేదు. ఓపిక కావాలి, కాగితం కావాలి, నోరు కొంచెం అదుపులో ఉండాలి. హోసూరులోనో, బరంపురంలోనో, భివండీలోనో, యానాంలోనో ఉన్న మన పాఠకులు ఒక్కొక్కరు ఒక్క మనిషి దగ్గర నాలుగు పూటలు కూర్చుని, విన్నది విన్నట్టు రాసి దాచినా మన గురించి ఇన్నాళ్లూ లేని ఆధారం తయారవుతుంది. ఎనభై దాటినవాళ్లతో మొదలుపెట్టండి. వాళ్ల కోసం ఏ సర్వే బృందమూ మళ్లీ రాదు.